మూడో దిమ్మె

క్రేన్ రెండోసారి కూడా వెనక్కి జరిగింది.

"నాతోని కాదన్నా. ఇంక ముంగటికి పోతే బండే దిగబడ్తది," అని డ్రైవర్ ఇంజన్ ఆపేశాడు.

గోవిందు అక్కడే నేల మీద కూలబడ్డాడు.

ధరూర్ దాటాక, ప్రాజెక్టు నీళ్లు నిలిచే కృష్ణ ఒడ్డున పన్నెండు ఇళ్ల రైతులు కలిసి మోటరు పెట్టుకుంటున్నారు. ఎండాకాలంలో నీళ్లు వెనక్కి పోయినప్పుడు నాలుగు సిమెంటు దిమ్మెలు పోశారు. వాటి మీద కూర్చోవాల్సిన ఇనుప మంచె మాత్రం, వెల్డింగ్ షాపువాడు సాగదీసి సాగదీసి, నీళ్లు నిండాక తెచ్చి ఇచ్చాడు.

మంచె కూర్చుంటేనే మోటరు. మోటరుంటేనే నీళ్లు. వేరుశనగ చేను అప్పటికే తలలు వాల్చేసింది. ఇంకో నాలుగు రోజులైతే చేన్లోకి పశువులను మేతకు తోలుకోవడమే.

నిన్నటి నుంచి ఒడ్డున ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. ఎవరో ఎవరికీ తెలియదు. నీళ్లలో ఒక కట్టె గుచ్చి, దానికి చాకుతో గాట్లు పెడుతున్నాడు.

"బిడ్డా, క్రేన్‌తోని కాదు. డ్రమ్ముల మీద తోలుకపోవాలె," అన్నాడు.

"ఏ ఊరు నీది?" అన్నాడు గోవిందు.

"ఈడనే."

"నిన్నెప్పుడు సూడలే. ఏం పని చేస్తవ్?"

"చేస్తుంటి. బొంబాయి కాడ, సముద్రంల. నూనె బావుల మీద మంచెలు కూసోబెడ్తుంటిమి. చిన్నవైతే క్రేన్ ఎత్తుతది. ఊరంత మంచెను ఏ క్రేన్ ఎత్తుతది? పెద్ద పడవ మీద పెట్టి ఇనుప కాళ్ల నడుమకు తెస్తుంటిమి. పడవ లోపలికి నీళ్లు ఇడిస్తె అది కిందికి దిగుతది. మంచె కాళ్ల మీద కూసుంటది."

అందరూ నవ్వారు.

"మాటలేమో కోటలు దాటుతున్నయి, కాళ్లు గడప దాటెటట్టు లేవు!" అని గోవిందు లేచి, ఆ కట్టె పీకి అవతల పారేశాడు. "మా పరేషాన్‌ల మేముంటే నీదొక లొల్లి. పో పెద్దమనిషీ."

ముసలాయన పోలేదు. కట్టె ఏరుకొచ్చి మళ్లీ గుచ్చాడు.

మర్నాడు ఇంకా పెద్ద క్రేన్ వచ్చింది. ముందు టైర్లు బురదలో దిగబడ్డాయి. రెండు ట్రాక్టర్లు కట్టి దాన్ని బయటికి లాగేసరికి పొద్దు గూకింది. మంచె జానెడు కూడా కదల్లేదు.

"ఆయన చెప్పేదేందో ఒక్కపారి ఇను," అంది గోవిందు భార్య నవనీత. "నీ మొండితనానికి చేను ఎండాల్నా?"

గోవిందు తల దించుకుని వెళ్లాడు.

"పెద్దయ్యా, డ్రమ్ములెన్ని గావాలె?"

"నలభై. తెప్ప దిమ్మెల నడుమ పట్టాలె. దాని మీద కట్టెలు పేర్చి, ఆ పైన మంచె పెట్టాలె. దిమ్మెల కంటె జర ఎత్తుండాలె."

"మరి ఈ గాట్లెందుకు?"

"ప్రాజెక్టోళ్లు నీళ్లు ఇడిసేదాన్ని బట్టి ఈడ నీళ్ల మట్టం పొద్దుగాల ఎక్కుతది, మాపటికి దిగుతది. రెండు దినాల సంది సూస్తున్న. ఎక్కినప్పుడు లోపలికి తోలాలె. దిగినప్పుడు మంచె అదే కూసుంటది."

కట్టెను ఇంకాస్త లోపలికి గుచ్చి, "ఆ మూడో దిమ్మె కింద ఏమున్నది?" అని అడిగాడు.

"పాత ఇంటి గోడొకటి అడ్డమొచ్చింది. నేనే గడ్డపారతోని పడగొట్టిన. ఆ రాళ్ల మీదనే దిమ్మె పోసినం."

ముసలాయన చాలాసేపు అటే చూశాడు.

"గట్టిగనే ఉంటది తియ్యి," అన్నాడు.

రాత్రికి రాత్రే ఖాళీ డ్రమ్ములు తెచ్చి ఒడ్డు పక్కన తెప్ప కట్టి, ట్రాక్టర్లతో మంచెను దాని మీదికి లాగారు. తెల్లారి నీళ్లు పై గాటును తాకగానే తాళ్లు పట్టారు. తెప్ప మీద మంచె ఊగుతూ దిమ్మెల నడుమకు పోయింది. ఇక అందరూ ఒడ్డున గొంతుక్కూర్చున్నారు.

సాయంత్రం నీళ్లు దిగుతుంటే మూడో దిమ్మె దగ్గర మంచె నాలుగు వేళ్లు పక్కకు పోయింది.

ముసలాయన అంగీ విప్పి నీళ్లలోకి నడిచాడు.

"మునుగుతవ్ పెద్దయ్యా!"

"మునగ. ఈడ కాలుకు అందుతది."

ఎలా తెలుసని ఎవరూ అడగలేదు. మెడలోతు నీళ్లలో నిలబడి, ఒక చెయ్యి దిమ్మెకు ఆనించి, ఇంకో చేత్తో తాడు ఇటు లాగండి, అటు లాగండి అని సైగ చేశాడు. మంచె టంగుమని కూర్చుంది. తెప్ప కిందికి జారి విడివడింది.

మరుసటి రోజు పొద్దున మోటరు ఎక్కించారు. పైపులో నీళ్లు దుంకేసరికి అందరూ చేన్ల వైపు పరుగెత్తారు. తడిసిన మట్టిని చేతిలోకి తీసుకుని గోవిందు ఏడ్చేశాడు.

అప్పుడు గుర్తొచ్చాడు ముసలాయన. గోవిందు కొత్త తువ్వాల, వేడివేడి జొన్నరొట్టెలు పట్టుకుని ఒడ్డుకు వచ్చాడు. కట్టె ఉంది. మనిషి లేడు.

రోడ్డు మీద గద్వాల ఆటో అప్పుడే కదిలిపోయింది. కూతురి దగ్గరికి అయిజ పోయిన పక్కింటి తిమ్మమ్మ, నాలుగు రోజుల తర్వాత ఇప్పుడే దిగి, సంచి పట్టుకుని వస్తోంది.

"గోవిందూ, నేను దిగిన ఆటోల ఎక్కి పోయింది ఇస్రాయేలన్న కదా? ఎంత పిలిచినా తల ఎత్తలేదు."

"నీకెర్కనా అత్తా ఆయన?"

"ఎర్క లేకుంటే? ప్రాజెక్టుల మునిగిన మా పాత ఊరే ఆయనది. ఊరు మునిగినంక బొంబాయి పోయిండు. యాడాదికోపారి ఎండాకాలం వస్తడు. మొన్నటి ఎండాకాలం దవాఖానల ఉండి రాలేకపోయిండంట."

"ఎందుకొస్తడు?"

తిమ్మమ్మ నీళ్ల వైపు చెయ్యి చాపింది.

"గా మూడో దిమ్మె ఉన్న కాడనే వాళ్లిల్లు, గోడ ఇంకా నిలబడ్డదా లేదా అని సూసుకొని పోనీకె వస్తడు."