హెల్పర్

ప్రసన్నలక్ష్మి వంటగదిలో గోంగూర ఆకులు తుంచుతోంది. పచ్చడి కొనడానికి వచ్చిన అమ్మాయి సీసా అందుకుని గుమ్మంలోంచే అడిగింది.

“మీ హెల్పర్ చెయ్యి భలే ఉంది అంకుల్! ఆదివారం మా ఇంటికి పంపుతారా?”

“చూద్దాంలేమ్మా,” అని నవ్వి, బావగారు నూకరాజు తలుపు వేశాడు.

సింగపూర్‌లో హెల్పర్ అంటే ఇంట్లో ఉండే పనిమనిషి.

“మీ తమ్ముడి భార్యనని చెప్పొచ్చు కదా బావగారూ?”

“వ్యాపారమన్నాక ఇలాంటివి మనసులో పెట్టుకుంటే ఎలాగమ్మా? మనమంతా ఒకటే.”

“మరి మీ ఆవిడనీ హెల్పరనే చెప్పండి.”

నూకరాజు ముఖం మాడిపోయింది. “నన్నంటావేం? హెల్పర్ ఉందంటే మనది పెద్ద వ్యాపారం అనుకుంటారని చెప్పింది నీ మొగుడే. ఏరా బాబ్జీ, చెప్పవేం?”

డెలివరీ సంచులు సర్దుతున్న బాబ్జీ తలెత్తలేదు.

“ఆయన అలా అనరు,” అంది ప్రసన్నలక్ష్మి. ఆ ఇంట్లో తన తరఫున మాట్లాడే మనిషి ఒక్కడైనా ఉన్నాడని ఇన్నాళ్లూ ఆమె ధీమా. “ఏవండీ, అనలేదని చెప్పండి.”

బాబ్జీ సంచి జిప్పు లాగాడు.

“అబద్ధమైనా సరే, చెప్పండి.”

అతను సంచులు రెండు భుజాలకీ తగిలించుకున్నాడు. చెప్పుల్లో కాళ్లు పెట్టి, లిఫ్టు వైపు వెళ్లిపోయాడు.