తోడు మాత్ర

రాజమండ్రి ఘాట్ మెట్ల మీద హీరోయిన్ మందుల అట్టలన్నీ గోదాట్లోకి విసిరేసింది.

పరుగెత్తుకెళ్ళి హీరోని కావలించుకుంది. అంతే, ఎన్నేళ్ళ నుంచో ఉన్న మనసు జబ్బు నయమైపోయింది.

“సూపర్. ఇంకొక్క టేక్ చేద్దాం,” అన్నాడు దర్శకుడు శశిభూషణ్.

షూటింగ్ చూస్తున్న జనంలోంచి ఒకాయన ముందుకొచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి. చేతిలో హెల్మెట్.

“ఒక్క మాటండి. ఆవిడ చేత మాత్రలు పారేయించకండి.”

“మీరు డాక్టరా?”

“కాదండి. రావులపాలెం అరటి మార్కెట్లో గుమాస్తానండి.”

యూనిట్ అంతా నవ్వింది. ఆయన నొచ్చుకోలేదు.

“పాట పెట్టుకోండి, ప్రేమ పెట్టుకోండి. ఆవిడ్ని మందు మటుకు వేసుకోనివ్వండి. పక్కన ఆయన ఉంటాడు కదండీ. అదీ ప్రేమేనండి.”

“ఇది కామెడీ లవ్ స్టోరీ అండి. మందుల కంపెనీ యాడ్ కాదు.”

“చూసినవాళ్ళు నమ్ముతారండి.”

“సినిమా చూసి మందులు మానేసేంత పిచ్చోళ్ళెవరున్నారండీ?”

ఆయన ఏదో చెప్పబోయాడు. గొంతులోనే మింగేశాడు.

“ఈయన్ని పంపించెయ్యండి,” అన్నాడు శశిభూషణ్.

మేనేజర్ పల్లంరాజు మర్యాదస్తుడు. కూల్‌డ్రింక్ చేతిలో పెట్టి మరీ పంపించేశాడు.

నిజానికి ఆ కథ శశిభూషణ్‌ది కాదు. ఆత్రేయపురం నుంచి కౌముది అనే ఆవిడ ఫోన్‌లో చెప్పిన తన సొంత కథ.

“మా ఇద్దరి పేర్లూ ఎక్కడా రాకూడదండి,” అంది అప్పుడు. “నా జబ్బు సంగతి ఊళ్ళో ఎవరికీ తెలీదు. ఎవరితోనూ అననని మా ఆయన చేత కూడా ఒట్టు వేయించుకున్నాను.”

ఆవిడ మాత్ర వేసుకునేటప్పుడల్లా ఆ భర్త కూడా ఓ పిప్పరమెంటు నోట్లో వేసుకుంటాడట. ‘తోడు మాత్ర’ అంటాడట దాన్ని.

శశిభూషణ్ పడీపడీ నవ్వాడు. ఇంటర్వెల్ దాకా ఆ భర్త అల్లరే నింపాడు. క్లైమాక్స్ ఒక్కటే తన సొంతం. ఆ ముక్క కౌముదికి చెప్పలేదు. హాల్లో చూసి మురిసిపోతుందిలే అనుకున్నాడు.

సినిమా ఆడింది. క్లైమాక్స్‌లో కుర్రాళ్ళు తెర మీదకి మందుల అట్టలు విసిరారు. ఆ వీడియో శశిభూషణే అందరికీ పంపుకున్నాడు.

సక్సెస్ మీట్‌కి కౌముది దంపతుల్ని స్టేజి ఎక్కించాలని ఆశపుట్టింది. ఒప్పించడానికి తనే కారేసుకుని ఆత్రేయపురం వెళ్ళాడు.

కౌముది ఇంటి అరుగు మీద ఎవరో తలొంచుకుని కూర్చున్నారు. శశిభూషణ్ పట్టించుకోకుండా లోపలికెళ్ళాడు.

కౌముది పట్టపగలు పెళ్ళిచీర కట్టుకుని ఎదురొచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నిద్రపోయి ఎన్నాళ్ళయిందో.

“ఎంత బాగా తీశారండీ. నేనూ పారేశానండి. అన్నీ గోదాట్లో పారేశాను. నాకసలు జబ్బే లేదని మీ సినిమా చూశాకే తెలిసింది. చీర బాగుందాండీ? కూర్చోండి, వద్దు, నించోండి, ఫొటో దిగుదాం.”

ఆవిడ మాట ఆపడం లేదు. శశిభూషణ్‌కి భయమేసింది. తను చేసిన పనేమిటో అర్థమవుతూ ఉంది.

“మీ… మీ వారెక్కడండీ?”

“వస్తారు. సినిమాలో ఉన్నారుగా, ఆయన. మాత్ర వేసుకోమని అడగనే అడగరు.” గొంతు తగ్గించింది. “అరుగు మీద ఒకడు కూర్చున్నాడు చూశారా? మా ఆయన తనేనని చెప్పుకుంటాడండి. పొద్దస్తమానం మాత్ర మాత్ర అని ఒకటే గొడవ. వాణ్ణి పంపించెయ్యండి సార్.”

శశిభూషణ్ గుమ్మంలోకొచ్చి చూశాడు.

గడ్డం మాసి, నలిగిన చొక్కాతో అలికిడికి తలెత్తిన తన అసలు కథానాయకుణ్ణి, అతను ఘాట్ దగ్గర ఒకసారి పంపించేశాడు.