నాలుగో చరణానికి తాళం

గీత మంచం మీద బ్యాగు తెరిచి బట్టలు సర్దుతోంది. ఆమె భర్త రాజ్‌కుమార్ తలెత్తలేదు. చనిపోయిన తన మామ జానయ్య వాడిన పడక కుర్చీలో కాళ్లు చాపుకుని, ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని మిరపకాయ బజ్జీ తింటున్నాడు. నూనె వేళ్లు నాకి, అవే వేళ్లతో మీటలు నొక్కుతున్నాడు.

“సూర్యాపేటకేనా?” అన్నాడు. “మీ అక్క ఎన్ని దినాలు ఉంచుకుంటదో సూస్త. పోయేముందు నీ ఫోన్‌కు ఓటీపీ వస్తది. జర చెప్పిపో.”

“దేనికి?”

“యాప్‌ల అమ్మకం పెడుతున్న. నా ఖాతా మూసిండ్రాయె, నీ పేరు మీదనే కదా నడిచేది.”

“ఏం అమ్ముతున్నావ్?”

“అత్త పాట.”

గడప దగ్గర చిక్కుడుకాయలు ఒలుస్తున్న సుక్కమ్మ చేతులు ఆగిపోయాయి. గొంతు ఆపరేషన్ అయినప్పటి నుంచి ఆమెకు మాట లేదు. ఆపరేషన్‌కు ముందు గీత ఫోన్‌లో పాడించి దాచుకున్న జోలపాట ఒక్కటే ఆమె గొంతుకు మిగిలిన గుర్తు. గరిడేపల్లికి నాట్లకు పోయిన తల్లి కోసం పిల్ల ఏడ్చే పాట అది. నాలుగో చరణంలో తల్లి ఇంటికొస్తుంది.

“ఊరికే వినిపిస్తానని కదా అడిగి తీసుకున్నావ్?” అంది గీత.

“ఊరికేనే. మూడు చరణాలు ఊరికే. నాలుగోదానికే తాళం.”

“అంటే తల్లి ఇంటికి రాకముందే ఆపుతావా?”

“గాడ ఆపితేనే కొంటరు.” అతను తెర మీద చూపుడు వేలు పెట్టాడు. వేలి నూనె అక్కడ అంటుకుంది. “గీడ రెండు రకాలున్నయ్. ఒకటి, ఒక్కసారి కొంటే ఎప్పటికీ వాళ్లదే. ఇంకోటి, వినంగనే ఖతం, మళ్ల కొనాలె. నేను రెండోది పెట్టిన. పిల్లలు రోజూ పండుకోవాలె కదా.”

“పసిపిల్లల ఏడుపు మీద బేరమా? థూ.”

“పాలడబ్బాలు అమ్మెటోళ్ల మీద ఎవ్వలు థూ అని ఊంచరు. నా మీదనే ఊంచుడేంది?” అని పంటి సందులో ఇరుక్కున్న మిరపతొక్కను గోటితో తీసి కుర్చీ చేతికి రాశాడు.

గీత ఒక చొక్కా మడిచి బ్యాగులో పెట్టింది. “మూడో చరణం తర్వాతే ఆపాలని ఎట్లా తెలిసింది?”

అతనికి ఆ ప్రశ్న నచ్చింది. “రాణి మీద సూసిన.”

రాణి వాళ్ల కూతురు. రెండేళ్లు. చీర ఉయ్యాలలో బొటనవేలు నోట్లో పెట్టుకుని అప్పుడే కళ్లు మూస్తోంది.

“నువ్వు స్కూలుకు పోయినంక మధ్యాహ్నాలు వినిపించిన. మొదటి చరణంల ఆపితే ఏమీ అనదు. రెండోదాంట్ల ఆపితే మూలుగుతది. మూడోది అయినంక ఆపితే మాత్రం ఊపిరి పట్టి ఏడుస్తది. సూడు.”

“వద్దు” అంది గీత. అతను అప్పటికే తన ఫోన్‌లో అమ్మకానికి సిద్ధం చేసుకున్న నమూనా మీద నొక్కాడు.

సుక్కమ్మ పాత గొంతు గదిలో వినిపించింది. నాటు అయిపోయింది, పొద్దు వాలింది, బురద కాళ్ల తల్లి గట్టు ఎక్కింది. అక్కడ పాట తెగిపోయింది. తెర మీద తాళం బొమ్మ, దాని కింద ‘కొనండి’ అనే గుండ్రని పచ్చ మీట వచ్చాయి.

రాణి కళ్లు తెరిచింది. వాకిలి వైపు చూసింది. తర్వాత ముఖమంతా ఎర్రబడి, చప్పుడు రాని ఏడుపు ఏడ్చింది. సుక్కమ్మ చాట పక్కకు పెట్టి వచ్చి ఉయ్యాల పట్టుకుంది. పెదవులు కదిలించింది. పిల్ల ఆమె నోట్లోకి చూసి ఇంకా ఎక్కువ ఏడ్చింది.

రాజ్‌కుమార్ నవ్వాడు. “అత్త గూడ కొనాలె ఇగ.”

గీత తన ఫోన్ తీసి పాట మొత్తం పెట్టి ఉయ్యాలలో ఉంచింది. తల్లి ఇంటికొచ్చింది. రాణి వెక్కిళ్లు మెల్లగా తగ్గాయి.

“ఇదంతా రోజూ అమ్మ కళ్ల ముందే చేశావా?”

“ముందట చేస్తే ఏమాయె? అత్త ఎవ్వలికి చెప్తది?”

“చెప్పింది. పొద్దున చేతులతో చెప్పింది. నీ నోటితో కూడా విందామని ఆగాను.”

ఉయ్యాలలో ఫోన్ టింగుమంది.

“ఓటీపీ అదే” అన్నాడతను. “చెప్పు.”

గీత ఫోన్ తీసి చూసింది. ఆ మెసేజ్ తుడిచేసి ఫోన్ జాకెట్లో దోపుకుంది.

“సరే, అలుగు” అన్నాడు రాజ్‌కుమార్. “నీ కోపం రెండు దినాలే. వాపసు వచ్చినంక నువ్వే చెప్తవ్.” ఇంకో బజ్జీ కోసం పొట్లంలో చెయ్యి పెట్టాడు.

గీత గోడకున్న ల్యాప్‌టాప్ చార్జర్ పీకి, వైరు చుట్టి బ్యాగులో వేసింది.

“నా చార్జర్ నీకెందుకు?”

ఆమె జిప్పు లాగింది. సుక్కమ్మ వాకిట్లో ఉన్న చెప్పుల జత తీసుకుని, గడప అవతల, ముందువైపు వీధికి తిప్పి పెట్టింది. పెళ్లయిన కొత్తలో అల్లుడి కాళ్లు కడిగి లోపలికి పిలిచింది ఆ గడప దగ్గరే. ఆ చెప్పులు ఎవరివో చూద్దామని రాజ్‌కుమార్ మొదటిసారి ల్యాప్‌టాప్ పక్కకు పెట్టి లేచాడు.

నిరుడు వినాయక చవితికి ముందటి ఆదివారం సాయంత్రం, గీత సర్దిన ఆ బ్యాగుతో కోదాడలో మిర్యాలగూడ బస్సు ఎక్కి, జానయ్య కట్టించిన ఆ ఇంటికి మళ్లీ తిరిగి రానిది ఇల్లరికపు అల్లుడు రాజ్‌కుమార్.