పోపుగారు తీసేసిన పది రోజులు

"ఎవరు చింపేరు దీన్ని?"

సురేష్‌బాబు అరుపుకి మంచం మీదున్న రామతులసి ఉలిక్కిపడింది. పన్నెండేళ్ల కాపురంలో మొగుడి గొంతు అంత పైకి లేవడం ఆమె ఎరగదు. కొంచెం గట్టిగా చెప్పండి సార్ అని కాలేజీలో వెనక బెంచీ వాళ్లు బతిమాలుకునే హిస్టరీ లెక్చరర్ అతను. అలాంటివాడు మందుల సంచీ పట్టుకుని, కాళ్ల చెప్పులైనా విప్పకుండా గోడ ముందు నిలబడి కేకలేస్తున్నాడు.

గోడకి వేలాడుతున్నది కొత్త సంవత్సరానికి బెల్లం కొట్టువాళ్లిచ్చిన క్యాలెండరు. రోజుకో కాగితం చింపేది. పొద్దున్న అతను మందులకి బయల్దేరేటప్పుడు అది అక్టోబరు ఐదు. ఇప్పుడు పదిహేను.

"నేనే నాన్నా!" అంది ఇందు. ఎనిమిదేళ్ల పిల్ల, ఫస్టు ప్రైజు కొట్టుకొచ్చినంత సంబరంగా చెప్పింది. "పది రోజులూ తీసేసేను. అమ్మకి గండం గడిచిపోయింది. ఇంకేటీ భయం లేదు!"

రామతులసికి నవ్వొచ్చింది. నవ్వితే కడుపులో పోటు. అయినా ఆపుకోలేకపోయింది. ఈ తెలివి పిల్లకి ఎక్కణ్ణించి అబ్బిందో ఆమెకి తెలుసు.

నిన్న వైజాగులో పెద్ద డాక్టరు ఆమెని బయట కూర్చోబెట్టి, సురేష్‌బాబుని ఒక్కణ్ణే లోపలికి పిలిచాడు. బయటికొచ్చి అతను చెప్పింది ఒకటే మాట. "పది రోజులు తులసీ. ఈ పది రోజులూ గడిస్తే గండం గట్టెక్కినట్టే." ఆ మాటకి ఆమెకి కొండంత ధైర్యమొచ్చింది. మూడు నెలలుగా చూద్దాం, చూద్దాం అన్నవాళ్లే గానీ, ఇన్ని రోజులని తేల్చి చెప్పిన డాక్టరు ఒక్కడూ లేడు.

సాయంత్రం ఇల్లు చేరాక అతను ఎప్పట్లాగే మంచం పట్టె మీద కూర్చుని పాఠం అందుకున్నాడు. క్లాసులో చెప్పబోయేది ముందు పెళ్లానికి వినిపించడం అతని అలవాటు. ఆమె ఆవలిస్తే ఆ ముక్క తీసేస్తాడు. లూథర్ చర్చి తలుపుకి కాగితం కొట్టడం, గెలీలియో మోకాళ్ల మీద కూర్చుని భూమి తిరగడం లేదని ఒప్పేసుకోవడం, అన్నీ ఆ మంచం దగ్గరే జరిగాయి. నిన్న నాలుగో తేదీ కాబట్టి పోపు గ్రెగరీ వంతొచ్చింది.

"పోపంటే పప్పులో పెట్టేదే కదా నాన్నా?" అంది ఇందు.

"ఆ పోపు కాదే. క్రైస్తవుల పెద్ద గురువు. క్యాలెండరు సూర్యుడి కంటే పది రోజులు వెనకబడిపోయిందని, పదిహేను వందల ఎనభై రెండులో ఆయన ఆ పది రోజులూ ఒక్కసారే తీసేసేడు. ఇటలీలో, స్పెయిన్‌లో జనం అక్టోబరు నాలుగున పడుకుని లేచేసరికి పదిహేను!"

"మరి మధ్యలో రోజులో?"

"గడిచిపోయినట్టే లెక్క."

స్పెయిన్‌లో తెరెసా అనే సన్యాసిని ఆ నాలుగో తేదీ రాత్రే కన్నుమూస్తే, మర్నాడు పదిహేనో తేదీన సమాధి చేశారని చెబుతూ చెబుతూ అతను కళ్లు తుడుచుకున్నాడు. దుమ్మన్నాడు. పాఠం అక్కడితో ఆపేశాడు. పిల్ల మాత్రం విన్నదంతా బుర్రలో దాచుకుంది.

"నిన్నెవరు చింపమన్నారే?" సురేష్‌బాబు మళ్లీ అరిచాడు.

"పోపుగారు తీసేసేరు కదా? నేను తీత్తే తప్పేటి?"

చెంప చెళ్లుమంది.

ఇందు ఏడవడం కూడా మర్చిపోయి నోరు తెరుచుకుని చూసింది. తండ్రి చేతి దెబ్బ దానికి అదే మొదలు. రామతులసి ఓపిక లేకపోయినా మోచేతి మీద లేచి కూర్చుంది.

"పసిపిల్లని కొడతారేటండీ! చేతులెలా వచ్చేయి మీకు? నేను బాగవాలనే కదా అది చేసింది!"

అతనికి ఆ మాటలు వినబడినట్టే లేదు. "ఎక్కడ పడేసేవు?" అన్నాడు. పిల్ల వణుకుతూ మూలనున్న చెత్తబుట్ట చూపించింది. సురేష్‌బాబు దాన్ని నేల మీద బోర్లించాడు. అరటి తొక్కలూ, వాడిన పువ్వులూ పక్కకి తోసి, నలిగిన కాగితాలు ఒక్కొక్కటే ఏరి తొడ మీద పెట్టుకుని సాపు చేయసాగాడు. ఐదు. ఆరు. ఏడు. ఎనిమిదో తేదీ తడిసిపోతే చొక్కాకి అద్దుకున్నాడు.

ఈ మనిషికి మతి చలించలేదు కదా అని రామతులసికి భయమేసింది. ఆసుపత్రుల చుట్టూ తిరిగి తిరిగి ఇలా అయిపోయాడనుకుంది. తన రోగం కంటే అతని అవస్థే ఎక్కువ బాధ పెట్టింది.

"తొమ్మిదే ఉన్నాయి," అన్నాడతను. "పద్నాలుగో తేదీ ఏదే?"

"తెలీదు నాన్నా. అన్నీ అందులోనే పడేసేను," అని ఇందు బావురుమంది.

సురేష్‌బాబు బీరువా వెనక చూశాడు. చాప ఎత్తి దులిపాడు. ఆఖరికి బోర్లా పడుకుని మంచం కిందకి దూరి, చీకట్లో చేత్తో తడుముకోసాగాడు.

రామతులసి మంచం అంచు మీంచి కిందకి వంగింది. అతని కాళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి. ఆ కాళ్లకి ఇంకా చెప్పులున్నాయి.

"లేవండి. ఒక్క కాగితం పోతే ఏటవుతుందండీ?" అంది చిన్నపిల్లాణ్ణి బుజ్జగించినట్టు. "రోజులు తొందరగా గడిచిపోవడమే కదా మనకి కావాలి?"

మంచం కింద చెయ్యి ఆగిపోయింది. వెక్కిళ్లు వినిపించాయి.

"గడవకూడదు తులసీ. ఒక్కటి కూడా గడవకూడదు. డాక్టరు మనకిచ్చినవే పది!"