పల్క్రిట్యూడ్

“పల్క్రిట్యూడ్ అంటే?” కుసుమ కోసం బ్యాంకు పరీక్ష దరఖాస్తు నింపుతూనే అడిగారు ఉమామహేశ్వరరావు మాస్టారు.

“అందం, మాస్టారూ. పలుకుతుంటే మాత్రం రాళ్లు నమిల్నట్టుంటాది.”

ఆయన నవ్వారు. “లాటిన్ నుంచి వచ్చిందమ్మా. ఆరొందల ఏళ్ల కిందట పండితులు ఇంగ్లీషులోకి తెచ్చుకున్నారు. చాలావరకు పుస్తకాల్లోనే ఉండిపోయింది. ఏ ఇంగ్లీషువాడూ పెళ్లాన్ని ఆ మాటతో మెచ్చుకోడు.”

“ఎవుడూ అనని మాట నాకెందుకు మాస్టారూ?”

“పరీక్షలో అడుగుతారు గనక. పలాసలో ఆ జీడిపిక్కలు కొట్టే పని వదలాలంటే ఇలాంటివి వెయ్యి రావాలి నీకు. ఇదుగో, ఎడమ బొటనవేలి ముద్ర కావాలట. ముందు ఈ చిత్తు కాగితం మీద వెయ్యి.”

కుసుమ వేలు సిరాలో అద్ది నొక్కింది. నల్లటి మచ్చ పడింది. ఓణీకి తుడుచుకుని మళ్లీ నొక్కింది. మళ్లీ మచ్చే. అందులో ఒక్క గీత లేదు.

మాస్టారు కళ్లజోడు సర్దుకుని ఆ వేలు పట్టుకుని చూశారు. గాజుపెంకులా నున్నగా మెరుస్తోంది.

“పిక్కని ఎడం సేత్తో పట్టుకునే కొడతాం గదా మాస్టారూ. పెంకులోంచి కారే జీడిరసం గీతలన్నీ తినీసింది.”

ఆరో తరగతి నుంచి ఆమెకు పాఠాలు చెబుతున్నారాయన. ఆ చెయ్యి చూడటం ఇదే మొదలు.

“శనివారమే ఆఖరు తేదీ,” అన్నారు గొంతు తగ్గించి. “ఎన్నాళ్లు పని మానితే గీతలు మళ్లీ వస్తాయమ్మా?”

“తెల్దు మాస్టారూ. ఎప్పుడూ మాన్లేదు.”