కామాల పేపరు దొంగ

దొంగ ఎవరో దర్శన టీచర్‌కు తెలిసిపోయింది. ఇక నలుగురిలో పరువు తీయడమే మిగిలింది.

పొద్దున గ్రాంట్ రోడ్‌లో ఓ పెద్ద కోచింగ్ క్లాసులో జీతానికి పాఠాలు చెప్పి, సాయంత్రం కామాఠిపురాలో వరసగా గదులుండే పాత చాల్‌లోని తన గదిలో ట్యూషన్ నడుపుతుంది ఆమె. మొన్నటి టెస్టులో హూ, విచ్ అంటూ సాగే ఇంగ్లీషు వాక్యాలను కుదించాలి. కామాలు కావలసిన చోట ఉంచాలి, అక్కర్లేని చోట తీసేయాలి. క్లాసంతా బోర్లాపడింది. సపన మాత్రం ఒక్క కామా కూడా తప్పు పెట్టలేదు. తండ్రి మొగులయ్య సెంట్రింగ్ కూలీ, తల్లి రాజవ్వ ఎక్కడో ఊడ్చే మనిషి. ఆ ఇంట్లో పుట్టిన పిల్లకు కామాలెక్కడివి?

గదుల ముందరి గ్యాలరీలో జనం పోగయ్యేదాకా ఆగి టీచర్ గొంతు పెంచింది.

"ఏందే సపనా, నా పేపరు ఎట్ల కొట్టేసినవ్? ఒప్పుకో. లేకుంటే మీ స్కూల్ల చెప్పి పేరు తీయించేస్త."

"గట్లనకురి టీచరమ్మా, నా బిడ్డ అసొంటిది కాదు" అంది రాజవ్వ.

"నువ్వు నడుమల రాకు బాయీ! చీపురు పట్టినంత అల్కగ రాదు ఇంగ్లీషు."

పర్సు జిప్పు తీసి, కొత్త పేపరొకటి సపన ముందు పడేసింది. "దీన్ని నేను తప్ప ఈ గల్లీల ఎవ్వరు చూడలే. అందరి ముందర రాయి."

సపన నేలమీదే కూర్చుని రాసింది. మొదటి వాక్యంలో 'హూ ఈజ్' కొట్టేసింది. రెండో వాక్యంలో రెండు కామాలు పెట్టింది. మూడోది చదవకుండానే జవాబు రాసేసింది.

"చూసిండ్రా!" టీచర్ చప్పట్లు చరిచింది. "ప్రశ్న చదవకుండనే జవాబు! ఇది గూడ కొట్టేసింది! ఎక్కడ దొరికిందే నీకు?"

"ఐతారం రాసిన టీచర్, మీరు పొద్దుగాల చెప్పే గ్రాంట్ రోడ్ క్లాసుల. మొన్నటిది గూడ గాడనే రాసిన. అమ్మ గాడ ఊడుస్తుండె గదా, మీరు రాని ఐతారాలు నన్ను ఎనక బెంచీల కూసోనిచ్చేటోళ్లు."

రోజూ తను నడిచే నేలను ఊడ్చే మనిషి మొహం దర్శన ఏనాడూ చూసిన పాపాన పోలేదు. ఇప్పుడు చూడక తప్పలేదు.

"గా క్లాసు బీరువాలకెళ్లి పేపర్లు నేనే ఎత్కపోతున్ననని" అంది రాజవ్వ, "నిన్ననే నన్ను పనిలకెళ్లి తీసేసిండ్రు, టీచరమ్మా."