అన్నగారి వేషం

“తియ్యరా చేతులు! మా తమ్ముడి పక్కటెముకలు విరిచేస్తున్నావ్! నువ్వు డాక్టరువా, కసాయివా?”

బట్టతల మనిషి కుర్ర డాక్టరు కాలరు పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు. ఛాతీ నొక్కుతున్న చేతులు కాస్తా జారిపోయాయి.

“అయిపోయింది. పేషెంటు పోయాడు,” అంది గోడకానుకుని నిలబడ్డ డాక్టరమ్మ. “నువ్వు ఫెయిల్.”

టేబుల్ మీది రబ్బరు బొమ్మకి మాత్రం చీమ కుట్టినట్టయినా లేదు.

ఆగిన గుండెని మళ్లీ ఎలా కొట్టించాలో నేర్పడానికి డాక్టరమ్మ దేశాలు పట్టుకు తిరుగుతుంది, అదీ దిక్కులేని ఆస్పత్రులకే. వెంట ఈ బొమ్మ, ఈ రౌడీ. పేషెంటు అన్నగారి వేషం అతనిది. ఎక్కడికెళ్లినా అవే తిట్లు, పొల్లు పోకుండా. అతనంటే నేర్చుకునే డాక్టర్లందరికీ ఒళ్లు మంట.

కుర్ర డాక్టరు నిన్న కూడా ఫెయిలే. ఇవాళ గట్టెక్కకపోతే ఈ ఊరికి ఎమర్జెన్సీ వార్డు రానట్టే. దాన్ని నడపడానికి ఇంకో డాక్టరు లేడు మరి.

“ఇంకొక్క ఛాన్సివ్వండి మేడమ్. ముందు ఈయన్ని బయటికి పంపండి.”

“పంపను.”

“నొక్కడం నాకొచ్చండీ!”

“వచ్చు. ఆపకుండా నొక్కడమే రాదు. ఊఁ, కానీ.”

మళ్లీ మొదలైంది. అవే తిట్లు, అదే కాలరు. ఈసారి వీపు మీద నాలుగు గుద్దులు కూడా పడ్డాయి. ముఖాన ఉమ్మి పడింది. డాక్టరమ్మ తన చేతులు రెండూ కోటు జేబుల్లోకి తోసేసుకుంది. కుర్ర డాక్టరు పళ్లు బిగబట్టాడు, లోపల్లోపల బండబూతులు తిట్టుకున్నాడు, నొక్కడం మాత్రం ఆపలేదు.

“చాలు. పాస్,” అంది డాక్టరమ్మ.

అతను ముఖం తుడుచుకుని బట్టతల మనిషి మీదికి ఒంటికాలి మీద లేచాడు.

“సిగ్గు లేదటయ్యా నీకు? సొంత తమ్ముణ్ణి బతికిస్తుంటే ఏ అన్నయినా ఇలా వాగుతాడా? ఈ దిక్కుమాలిన డైలాగులు నీకెవడు రాసిచ్చాడు?”

డాక్టరమ్మ బొమ్మని పెట్టెలో సర్దుతోంది.

“ఎవరూ రాసివ్వలేదు బాబూ,” అన్నాడు బట్టతల మనిషి, “మా తమ్ముడి గుండె మీంచి ఈవిడ చేతులు లాగేస్తూ ఆ రోజు నేనన్న మాటలే ఇవి.”